అయిపోయిందని చెప్పే డబ్బా

మా షాపులో "అయిపోయింది" అనే మాటకు "ఇంకా మొదలుపెట్టలేదు" అని అర్థం. పదకొండేళ్లుగా నేను ఈ మాట మీదే బతుకుతున్నాను. "అయిపోయింది అన్నా, పెన్ డ్రైవ్‌ల ఎక్కిస్తున్న" అన్నానంటే ఆ పెళ్లి ఫైలు ఇంకా తెరవలేదని. "ఎక్కుతుంది, ఒక్క గంట" అన్నానంటే తెరిచి, ఎంతసేపు ఉందో చూసి, భయపడి మూసేశానని. నా పని మిక్సింగ్. అంటే కెమెరా వాళ్లు తెచ్చిన ఐదారు గంటల వీడియోను కోసి, పాటలు అతికించి, పెళ్లికొడుకు తల వెనక గుండె బొమ్మ ఎగరేసి రెండు గంటలకు తేవడం. ఆర్మూర్‌లో ఈ పనికి ఎవరూ గౌరవమివ్వరు గానీ, ఆలస్యమైతే షాపు ముందు బండి ఆపి మరీ తిడతారు. అందుకే అబద్ధాలు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా తలదన్నింది మనిషి కాదు, ఒక డబ్బా.

దాన్ని కొన్నది మా ఓనరు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. జీతం పెంచమని అడిగిన రోజు మాత్రం మేడమ్ అంటాడు. అంతకుముందు మా దగ్గర వీడియోలన్నీ విడి హార్డ్ డిస్కుల్లో, సొరుగుల్లో, ఉల్లిగడ్డల్లా పడి ఉండేవి. ఏ పెళ్లి ఏ డిస్కులో ఉందో నాకొక్కదానికే తెలుసు. నేను జ్వరమొచ్చి పడుకుంటే ఆర్మూర్‌లో సగం పెళ్లిళ్లు కనబడకుండా పోయేవి. ఇది చూసి ఆయన హైదరాబాద్ పోయి ఒక సర్వర్ తెచ్చాడు. చిన్న నల్లటి పెట్టె, లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లో కూడా రాసుకుంటుంది, ఒకటి చచ్చినా ఇంకొకటి ఉంటుంది. షాపులోని మూడు కంప్యూటర్ల నుంచీ వైరు దానికే పోతుంది. పెట్టె మంచిదే గానీ, డిస్కుల దగ్గర మా అన్న తన బుద్ధి చూపించాడు. ఉన్నవాటిలో చవకవి ఏరి తెచ్చాడు.

మొదటి రోజే గొడవ. వీడియో కాపీ పెడితే తెర మీద సెకనుకు నూటపది ఎంబీ అని చూపిస్తుంది, మా అన్న మొహం వెలిగిపోతుంది. అర నిమిషం కాగానే నలభైకి పడిపోతుంది, మొహమూ పడిపోతుంది.

"ఏందే చెల్లే, ట్రాక్టర్ మట్టి గుట్ట ఎక్కినట్టు గుంజుతుంది? మోసం చేసిండ్రా నన్ను?"

"మోసం కాదన్నా. నువ్వు తెచ్చిన డిస్కులు గంతే రాస్తయి."

"మరి మొదట్ల ఉరికింది గదా!"

ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే పసుపు యార్డు నుంచి మొదలుపెట్టాలి. ట్రాక్టర్ వస్తుంది, సంచులన్నీ యార్డు బండల మీద దబదబా దింపేస్తారు, డ్రైవరు చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. వాడి లెక్కలో పని అయిపోయింది. కానీ ఆ సంచులను గోదాంలోకి మోసేది హమాలీలు, ఒక్కొక్కటిగా, వీపు మీద. సర్వర్‌లోని మెమొరీ ఆ యార్డు. డిస్కు గోదాం. యార్డు ఖాళీగా ఉన్నంతసేపు ట్రాక్టర్లు ఉరుకుతాయి. నిండిపోయిందా, హమాలీ నడిచినంత మెల్లగానే ట్రాక్టరూ కదులుతుంది.

ఆయన శ్రద్ధగా విని, "అయితే యార్డు పెద్దగ చేయరాదు?" అన్నాడు.

పసుపు పండించే ఇంట్లో పుట్టిన మనిషి కదా, చటుక్కున పట్టేశాడు. నాకూ రోషం వచ్చింది. నిజామాబాద్‌లో కంప్యూటర్స్ డిగ్రీ చదివింది నేను, పరిష్కారం చెప్పింది ఆయన! రెండు రోజులు ఫోనులో వీడియోలు చూసి, మెమొరీ నాలుగింతలు చేయించాను. అంతటితో ఊరుకోలేదు. డిస్కుకు వెంటనే రాయాలని తొందరపడకు, వీలైనంత మెమొరీలోనే దాచుకో అని సెట్టింగు కూడా మార్చాను. ఇక చూడాలి దాని జోరు! పన్నెండు జీబీల ఫంక్షను రెండు నిమిషాల్లో "కాపీ అయిపోయింది" అనేది. నూటపది దగ్గర మొదలై నూటపది దగ్గరే ఆగేది. మా అన్న పక్క షాపుల వాళ్లను పిలిచి చూపించి, అందరికీ చాయ్ తాగించాడు. నా అంత తెలివైన మనిషి ఆర్మూర్‌లో లేదని ఆ రోజు నేను నిజంగానే అనుకున్నాను.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెర మీద అయిపోయింది అని వచ్చాక కూడా డబ్బా మీద పచ్చలైటు ఇంకా మూడు నిమిషాలు కొట్టుకుంటూనే ఉండేది. హమాలీలు ఇంకా మోస్తున్నారని అర్థం. ఆ మూడు నిమిషాల్లో వాన పడితే బండల మీది సరుకంతా పోతుంది. నాకు తెలుసు, తెలిసే చెప్పలేదు. చెబితే మా అన్న వెంటనే "అంటే అయిపోనట్టే గదా" అంటాడు, నా చాయ్ చల్లారిపోతుంది. వానకు ఎలాగూ యూపీఎస్ ఉంది, అరగంట కాస్తుంది. కరెంటు పోతే మనకేం ఫికర్ అనుకున్నాను.

దసరాకు పది రోజుల ముందు వేల్పూర్ నుంచి భార్యాభర్తలు వచ్చారు, నాలుగు నెలల చంటిబిడ్డతో. అతను గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు, బిడ్డను చూసుకోవడానికి సెలవు మీద వచ్చాడు. ఆమె బీడీలు చేస్తుంది. కుర్చీలో కూర్చున్నా ఆమె వేళ్లు ఊరుకోలేదు, పైట కొంగును ఆకులా చుడుతూనే ఉన్నాయి. తొట్టెల ఫంక్షను వీడియో కావాలన్నారు. అంటే బిడ్డను ఊయలలో వేసి, పేరు పెట్టే వేడుక. ఫంక్షను అయిన మరునాడే అతని విమానం.

అందరూ పాటల లిస్టు ఇస్తారు. అతను ఇవ్వలేదు.

"అక్కా, పాటలు గీటలు నీ ఇష్టం. తాంబాలంల బియ్యం పోసి, నేను బిడ్డ ఏలు పట్టుకొని పేరు రాస్త గదా. గదొక్కటి మొత్తం ఉండాలె. ఒక్క ముక్క కొయ్యకు. ఆడ రూముల పండుకొని రోజు చూసుకుంట."

"ఎప్పుడొస్తవ్ అన్నా మళ్ల?" అనడిగాను, మాటవరసకు.

"ఈపాలి పది నెలలకే లీవ్ ఇస్తనన్నడు కంపెనోడు. చూడాలె."

పది నెలలు అనగానే ఆమె కొంగు చుట్టడం ఆపి, మొదటిసారి నవ్వింది. నేను రాసుకున్నాను: బియ్యంలో పేరు, కొయ్యొద్దు. కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది, నన్ను వెక్కిరించడానికి.

ఫంక్షను బాగా జరిగిందట. మా కెమెరా అతను మహా పనిమంతుడు. బియ్యంలో పేరు రాసే వేళకు చుట్టాలంతా ఫోన్లు పట్టుకుని మీదపడితే, "ఫోన్లు లోపట పెట్టుర్రి, నాకు అడ్డమొస్తుర్రు, వీడియో మేమిస్తం గదా" అని గదిమి, ఒక్క ఫోను కూడా లేవకుండా చేశాడట. మర్నాడు పొద్దున కెమెరా కార్డులు తెచ్చి నాకిస్తూ అది గర్వంగా చెప్పాడు. నేనూ శభాష్ అన్నాను.

ఆ రోజు షాపులో ఆయుధ పూజ.

మా అన్నది పసుపు పాలిష్ పట్టే ఇల్లు. పచ్చి పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పెద్ద ఇనుప డ్రమ్ముల్లో వేసి తిప్పుతారు, పైపొట్టు పోయి మెరవడానికి. ఆయన చిన్నప్పుడు పూజ రోజున వాళ్ల చిన్నాయన తిరిగే డ్రమ్ముకు బొట్టు పెట్టబోతే చొక్కా చెయ్యి బెల్టులో ఇరికిందట. చెయ్యి దక్కింది గానీ, ఆ రోజు నుంచి వాళ్లింట్లో ఒక నియమం. నడిచే మిషన్‌కు బొట్టు పెట్టకూడదు. ముందు మెయిన్ బందు చెయ్యాలి, మిషన్‌కు విశ్రాంతి ఇవ్వాలి, ఆ తర్వాతే పసుపూ కుంకుమా. అది డ్రమ్మయినా, ట్రాక్టరయినా, ఫొటోలు కడిగే మిషనయినా సరే.

పదకొండు గంటలకు ఆయన పళ్లెం పట్టుకుని లోపలికొచ్చాడు. పసుపు వాళ్ల చేనుదే, గది మొత్తం వాసన. నేను తొట్టెల కార్డులు కాపీ పెట్టి ఉన్నాను. తెర మీద ఆఖరి ముక్క పూర్తయింది.

"అయిపోయిందా చెల్లే?"

"అయిపోయింది అన్నా."

ఈ ఒక్కసారి అబద్ధం చెప్పలేదనుకున్నాను, చూడండి. తెర మీద ఉన్నదే చదివాను. నా మాట వినగానే మూడు పనులు జరిగాయి. కెమెరా అతను ముప్కాల్‌లో గృహప్రవేశం ఉందని కార్డులు అందుకుని, అక్కడే ఫార్మాట్ కొట్టి ఖాళీ చేసుకుని, బండెక్కాడు. నేను పళ్లెంలో పూలు సర్దడానికి లేచాను. మా అన్న మెయిన్ బందు చేశాడు. యూపీఎస్ కుయ్యిమంది. అదీ మిషనే కదా, దానికీ బొట్టు పెట్టాలి కదా. దాని బటను కూడా నొక్కేశాడు. డబ్బా మీద పచ్చలైటు ఆరిపోయింది. ఆయన ఎంతో భక్తిగా దాని నుదుటన, అంటే పవర్ బటన్ మీద, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. నేను కూడా దండం పెట్టుకున్నాను. సల్లంగ చూడు తల్లీ అని.

పండుగకు షాపు రెండు రోజులు మూశాం. మూడో రోజు డబ్బా తెరిస్తే ఫోల్డర్ ఉంది. ఫైళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. మొదటి మూడోవంతు బాగానే ఆడుతున్నాయి. తర్వాతివాటికి పేరుంది, బరువు సున్నా. ఒకటి తెరిచాను, ఇంకొకటి తెరిచాను, చివరిదాకా అన్నీ తెరిచాను. హమాలీలు మోసినంతే గోదాంలో ఉంది, బండల మీదిది మొత్తం పోయింది. బియ్యంలో పేరు బండల మీదే ఉండిపోయింది.

కెమెరా అతనికి ఫోను చేసి, ముప్కాల్‌లో మళ్లీ వాడిన ఆ కార్డులే తెప్పించాను. చెరిపిన వీడియో బయటికి తీసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఒక రోజంతా నడిపాను. వేల్పూర్ బిడ్డ రాలేదు. ముప్కాల్ గృహప్రవేశంలో గడప దాటనని మొండికేసిన ఆవు వచ్చింది, నాలుగు కోణాల్లో, చాలా స్పష్టంగా. ఆ ఆవును చూస్తూ నేను ఏడ్చాను. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ.

"మెయిన్ బందు చేసే ముందు ఒక్కమాట అడగొద్దా అన్నా?"

"అడిగిన గదనే! అయిపోయింది అన్నవ్ గద నువ్వు!"

"యూపీఎస్ ఎందుకు నొక్కినవ్ మరి?"

"దాన్నొక్కదాన్ని ఇడిసిపెడితె దానికి మనసు నొవ్వదా?"

ఇలాంటి మనిషితో ఏం కొట్లాడతాం? పైగా ఆయన అన్నది నిజం. అడిగాడు. నేనే చెప్పాను. మరునాడు పొద్దున ఆయన దిష్టి తగిలిందని డబ్బాకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నేను మాత్రం లోపలికి పోయి నా సెట్టింగు తీసేశాను. మళ్లీ నలభై దగ్గరే గుంజడం మొదలుపెట్టింది. ఈసారి ఆయన తెర వైపు చూడకుండా నిమ్మకాయ ముడి బిగించాడు.

వేల్పూర్ ఆమె ఫోను చేసింది. "అక్కా, వీడియో అయిందా?" నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అయిపోయింది చెల్లే, జర మిక్సింగ్ ఉంది." మూడు రోజులకు మళ్లీ చేసింది, పాటలు ఎక్కుతున్నాయన్నాను. ఇంకోసారి చేస్తే కరెంటు లేదన్నాను. పదిహేను రోజులు ఇలా నడిపాను, సిగ్గు లేకుండా. డబ్బా అయినా మూడు నిమిషాల్లో నిజం అయ్యే అబద్ధం చెప్పింది. నాది ఎన్నటికీ కానిది.

చివరికి ఆమె బిడ్డనెత్తుకుని బస్సెక్కి వచ్చేసింది. ఎదురుగా కూర్చుంది. బిడ్డ నా పక్కనున్న డబ్బాకు కట్టిన నిమ్మకాయను చూసి చెయ్యి చాపింది. ఇక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను. డబ్బా, బొట్టు, కార్డులు, నేనన్న మాట. ఆమెకు మెమొరీలూ డిస్కులూ ఏం పట్టాయో గానీ, బియ్యంలో పేరు రాసింది లేదు అన్నది మాత్రం పట్టింది.

"అందరి ఫోన్లు మీరే గదక్క బందు చేపిచ్చింది," అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రోజు అడుగుతుండు, వీడియో వచ్చిందా, వచ్చిందా అని. పదిహేను దినాల నుంచి నీ మాటనే చెప్తున్న. అయిపోయింది, అయిపోయింది అని."

ఉన్నదేదో చూపిస్తానని మొదటి ఫైలు తెరిచాను. అన్నిటికన్నా ముందు డబ్బాలోకి పోయింది కాబట్టి అది డిస్కుకు చేరింది. నిజానికి అది ఫంక్షను కూడా కాదు. కెమెరా అతను మైకు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి తీసిన ముక్క. ఇలాంటివి నేను చూడను కూడా చూడను, అందరికంటే ముందు వీటినే తీసి పారేస్తాను.

టెంటు గుంజ పక్కన అతను బిడ్డనెత్తుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా కొత్త చొక్కా వేసుకోలేదు, బనియన్ మీదున్నాడు. వెనక ఎవరో బగారా అన్నం గిన్నె ఈడుస్తున్నారు. "అన్నా, మైక్ చెక్, ఏమన్న మాట్లాడు" అని కెమెరా అతని గొంతు. "ఏం మాట్లాడాలె?" అని అతను ఇటూ అటూ చూసి, బిడ్డ వంక తిరిగాడు.

"ఏందే బిడ్డా, గట్ల చూస్తున్నవ్? గుర్తు పెట్టుకుంటున్నవా నన్ను? మీ అమ్మను సతాయించకు. నువ్వు నడిచేసరికి నేనొస్త. మాట."

అంతే. ముప్పై సెకన్లు. ఆమె మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు చూసింది. ఆ గొంతు వినబడ్డప్పుడల్లా బిడ్డ కంప్యూటర్ స్పీకర్ వైపు తల తిప్పింది.

"గిది నాకియ్యి అక్కా. మిగతాది ఆయనకు నువ్వే చెప్పు. నా నోటికి రాదు."

ఫోను చేస్తే అతను ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడేమో. జరిగిందంతా, ఆమె షాపుకొచ్చిందన్నది తప్ప, వాట్సాప్‌లో నా గొంతుతోనే చెప్పి, క్షమించమని అడిగి, కింద ఆ ముక్క పంపాను. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. చాయ్ తెప్పిస్తే తాగలేదు. కాసేపటికి అతని దగ్గర నుంచి వాయిస్ వచ్చింది. ఆమెకూ వినబడాలి కదా అని స్పీకర్ మీద పెట్టాను. పదకొండేళ్లలో నేను చేసిన తప్పుల్లో అది రెండోది.

"పర్వాలేదక్కా. పోతె పోయింది. గిదన్న ఉంది గదా." వెనక ఏదో యంత్రం మోగుతోంది. "గానీ ఒక్కటి జెయ్యి. గా వీడియోల నువ్వు నడిచేసరికి వస్త అన్నది ఉంది సూడు, అది కోసెయ్యి. లీవ్ కాన్సల్ చేసిండు కంపెనోడు. ఇగ రెండేండ్లకే. ఇంట్ల ఇంకా చెప్పలే. ఆమె సూడకముందే కోసెయ్యి అక్కా, నీకు పున్నెముంటది."

నేను తలెత్తలేకపోయాను. ఆమె వేళ్లు కొంగు చుట్టడం ఆపేశాయి. బిడ్డ మాత్రం మళ్లీ నాన్న గొంతు వినబడిందని స్పీకర్ కోసం ఫోను మీదికి వంగింది.

ఆమె బిడ్డను వెనక్కి తీసుకుని ఒళ్లో సర్దుకుంటూ అంది. "కోసిన అని చెప్పు."

"చెల్లే..."

"చెప్పు అక్కా. నేనింకా సూడనట్టే చెప్పు. ఆయన చెప్పినప్పుడే నాకు తెలుస్తది." కళ్లు కొంగుతో ఒత్తుకుంది. "నాకు మాత్రం మొత్తం ఎక్కియ్యి. ఒక్క ముక్క కొయ్యకు."

నేను ఫోను తీసుకుని టైపు చేశాను: తీసేసిన అన్నా. అయిపోయింది. వెంటనే రెండు నీలం టిక్కులు పడ్డాయి, దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది.

ఆ తర్వాత ఆమె ఫోను మెమొరీ కార్డు తీసి రీడర్‌లో పెట్టి, మొత్తం ముక్క కాపీ చేశాను. తెర మీద అయిపోయింది అని వచ్చింది. అది చూసి ఆమె కార్డు కోసం చెయ్యి చాపింది.

"జర ఆగు చెల్లే," అన్నాను. "ఇంకా కాలే."

రీడర్ మీది లైటు కొట్టుకోవడం ఆపేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.